మీరు వెతుకుతున్నది టార్జాన్ కొడుకు కాదు

టార్జాన్ కొడుకు కోరాక్ కామిక్ అనుకుని ఒకటి వెతుకుతున్నానని అడిగారు, అందులో చిరుతతోలు కట్టుకున్న కుర్రాడు, వాణ్ణి పెంచిన ముసలాయన, అమెజాన్ అడవి అన్నారు కదా, అది కోరాక్ అయ్యే ఛాన్సే లేదండీ, బొంబా అయ్యుంటాడు. కోరాక్ కథలు ఎక్కువగా ఆఫ్రికాలోనే. బొంబా మాత్రం 1926లో మొదలైన పిల్లల నవలల్లోంచి వచ్చాడు, అతన్ని పెంచిన గురువు కోడీ కాసన్ అనే వృద్ధ ప్రకృతి శాస్త్రవేత్త, తుపాకీ పేలి తలకు దెబ్బ తగిలాక మతి సరిగా ఉండదు పాపం. అందుకే తన తల్లిదండ్రులెవరో బొంబా అడివంతా తిరిగి తెలుసుకోవాల్సి వస్తుంది, నాకైతే టార్జాన్ కన్నా ఈ చిక్కుముడే బాగుంటుంది.

అమెరికా కామిక్స్ కంపెనీ డీసీ వాళ్ళు 1967, 68ల్లో వేసిన బొంబా కామిక్ ఏడు సంచికలతోనే ఆగిపోయింది. కోరాక్ పేరుతో వెతకడం మానేసి, బొంబా ద జంగిల్ బాయ్ అని కొట్టి చూడండి.