చింతపల్లి చలికి వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

నీ బదిలీ సంగతి అమ్మ రాత్రి ఫోనులో చెప్పింది. మన్యంలో నేను పాఠాలు చెప్పిన చింతపల్లికే నువ్వూ టీచరుగా వెళ్తున్నావని వినగానే గర్వంతో ఛాతీ పొంగింది. అమ్మ అక్కడితో ఆపి ఉంటే హాయిగా నిద్రపోయేదాన్ని. ఆపలేదు. అల్లుడుగారు రెండు వేల వాట్ల హీటరు కొన్నారట, కిటికీల సందులన్నీ టేపుతో మూయించబోతున్నారట, మీ అత్తగారు పాప కోసం కుంపటి తెస్తున్నారట. అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా రాయడానికి కూర్చున్నాను. ఫోను చేస్తే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. కాగితమైతే అత్తగారికి కూడా చదివి వినిపించవచ్చు.

ముందు తేలికవి. రగ్గులు, ఉన్ని మేజోళ్ళు, నేల మీద పరిచే మందపాటి చాపలు ఇక్కడ పూర్ణా మార్కెట్‌లోనే కొనుక్కుని వెళ్ళండి. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగండి. స్వెట్టరు ఒక్కటే మందంగా ఉండేకన్నా పల్చటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకోవడం మేలు. ఇవి నీకు తెలియనివేం కావు.

ఇల్లు ఇంకా ఖాయం కాలేదట కదా, ఆ విషయంలో తొందరపడకు. విశాఖలో పుట్టినవాళ్ళకు చలి అంటే ఏమిటో తెలియదమ్మా. సముద్రం మనల్ని కాపాడుతుంది కాబట్టి జనవరిలో కూడా ఫ్యాను ఒకటి మీద తిరుగుతూనే ఉంటుంది. అక్కడ అలా కాదు. లంబసింగి ఘాట్ ఎక్కేసరికే గాలి మారిపోతుంది. మబ్బు లేని రాత్రి నేలలోని వేడంతా ఆకాశంలోకి పోతుంది, చల్లబడిన గాలి బరువెక్కి పల్లంలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. అందుకని గెడ్డ (వాగు) పక్కన, పల్లంలో ఉన్న ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా, అద్దె ఎంత తక్కువైనా వద్దు. కాస్త మెరకలో, తూర్పు కిటికీ ఉన్న ఇల్లు చూడు. రేకుల ఇల్లు అసలే వద్దు. నేను చేరిన ఏడు అలాంటి ఇంట్లోనే ఉన్నాను. తెల్లవారుజామున మన ఊపిరిలోని తేమే రేకుల అడుగున నీళ్ళయి, ఒక్కొక్క చుక్కా దిండు మీద పడేది. వానేమో అనుకుని లేచి చూస్తే బయట చుక్కలు మెరుస్తుండేవి.

పగలు ఎండ వచ్చినంతసేపూ కిటికీ తలుపులు బార్లా తెరిచి ఉంచు. నాలుగున్నరకల్లా మూసి, మందపాటి తెరలు దించు. తలుపు కింది సందుకు పాత చీర చుట్టి అడ్డం పెట్టు. నలుగురూ నాలుగు గదుల్లో పడుకోకుండా, చలి నెలల్లో ఒకే చిన్న గదిలో సర్దుకోండి. మా రోజుల్లో ఇదంతా డబ్బు లేక చేసేవాళ్ళం. ఇప్పుడు కరెంటు ధర చూస్తే డబ్బున్నా ఇదే చేయాలి.

హీటరు ఎలాగూ కొన్నారు కాబట్టి తిట్టను. లెక్క మాత్రం చెబుతాను, అల్లుడుగారు కూడా వినాలి. రెండు వేల వాట్ల హీటరు గంటకు రెండు యూనిట్లు కాలుస్తుంది. రాత్రికి నాలుగు గంటలు వేస్తే నెలకు 240 యూనిట్లు. 2022 ఏప్రిల్‌లో మార్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, ఆపైన 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. మామూలుగా మీకు నెలకు 80 యూనిట్లు అయ్యాయనుకో, యూనిట్ల ఛార్జీ రూ.214 చిల్లర. హీటరుతో కలిపి 320 యూనిట్లయితే అదే ఛార్జీ రూ.1,848 అవుతుంది. వాడకం నాలుగింతలు పెరిగితే బిల్లు ఎనిమిదింతలు దాటిపోయింది! సర్దుబాటు ఛార్జీలు, సుంకం అంటూ వాళ్ళు కలిపేవి వేరే. ఆయిల్ హీటరా, రాడ్ హీటరా, బ్లోయరా అని దుకాణంవాడు ఎంత ఊదరగొట్టినా, ఒక యూనిట్ కాలిస్తే వాటన్నిటి నుంచీ వచ్చే వేడి ఒక్కటే. వేడిగాలి కూడా ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ ఒక్కటే అదే యూనిట్‌తో రెండు మూడు రెట్ల వేడి ఇస్తుంది, కానీ అద్దె ఇంటికి అంత ఖర్చు నేను చెప్పను.

గదినంతా కాచే బదులు మనిషిని కాచుకోవాలి. వంద వాట్ల కరెంటు దుప్పటి రాత్రంతా వేసినా ఒక యూనిట్ కాదు. పడుకునే ముందు అరగంట వేసి, పక్క వెచ్చబడ్డాక ఆపేయండి, చాలు. పాప పక్కలో మాత్రం అది కానీ, వేడినీళ్ళ సంచి కానీ పెట్టకండి. హీటరు పాప స్నానానికి ముందు కాసేపు వేసుకోండి, అది కూడా లావు పిన్నుల సాకెట్‌లోనే. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించారో, చలి సంగతి దేవుడెరుగు, ఇల్లే కాలుతుంది. అక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. హుద్‌హుద్ వచ్చిన 2014లో విశాఖలోనే రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, కొండ మీద ఊళ్ళ సంగతి నువ్వే ఊహించుకో. కరెంటునే నమ్ముకుని బొంతలు ఇక్కడే వదిలేసి వెళ్ళకు.

ఇక కుంపటి. దీని గురించి అత్తగారికి నిదానంగా చదివి వినిపించు.

చింతపల్లిలో మా ఇంటి పక్క వాటాలో తుని వైపు నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. ఆ అమ్మాయికి కార్తీకంలో పురుడు వచ్చింది. పురిటికని వచ్చిన వాళ్ళ అమ్మ చాలా శ్రద్ధ గల మనిషి. బాలింతకు చెవుల్లో దూది, తలకు గుడ్డ, గదిలో కుంపటి, సాంబ్రాణి. మైదానంలో అదే పద్ధతిలో ఆవిడ ముగ్గురు పిల్లల్ని కని పెంచింది, కానీ అక్కడ తలుపు ఓరగా ఉండేది. చింతపల్లి చలికి భయపడి తలుపు కింద గోనెపట్టా కుక్కింది, కిటికీ సందుల్లో గుడ్డ పేలికలు దూర్చింది, వెంటిలేటరుకు అట్ట కొట్టించింది. అల్లుడు ఆ రాత్రి క్యాంపుకు వెళ్ళాడు. బొగ్గులు బయటే రాజేసి, పొగంతా పోయి కణకణలాడుతున్నప్పుడే లోపలికి తెచ్చానని తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో! "పొగే లేదమ్మా, కొంచెం కూడా లేదు" అనేది.

పొగ లేకపోవడమే అసలు ప్రమాదం చిట్టీ. పొగ ఉంటే దగ్గు వస్తుంది, కళ్ళు మండుతాయి, లేచి తలుపు తీస్తాం. మూసిన గదిలో బొగ్గు మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి కాస్త తలనొప్పి, వికారం, మత్తు. చలికి ఒళ్ళు బద్ధకించిందనుకుని ముసుగు తన్ని పడుకుంటారు. ఆ నిద్రలోంచి లేవరు.

తెల్లారి పాలు పోసే అబ్బాయి ఎంత తట్టినా తలుపు తీయలేదు. నన్ను పిలిచాడు. లోపల పసిబిడ్డ ఏడుపు కూడా లేదు. ఇద్దరం కలిసి గడియ ఊడేదాకా తోశాం. నిప్పు మీద తెల్లటి బూడిద పొర, కింద ఇంకా ఎర్రగానే ఉంది. గది ఎంత వెచ్చగా ఉందంటే, చెబితే నమ్మవు, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ముగ్గురినీ మంచులోకి లాగి వాకిట్లో పడుకోబెట్టాం. జీపు దొరికి ఆసుపత్రికి చేరేసరికి పొద్దెక్కింది. తల్లీ బిడ్డా దక్కారు. పెద్దావిడ కూడా బతికింది, కానీ మనిషి మునుపటిలా కాలేదు. ఉప్పు వేశానో లేదో, స్నానం చేశానో లేదో అని అడుగుతూ ఉండేది. మనవడి పేరు మరిచిపోయేది. ఎవరూ ఆవిడను ఒక్క మాట అనలేదు. ప్రేమతో చేసిన పని కదా, ఏమని అంటారు?

గిరిజనుల ఇళ్ళల్లో పొయ్యి లోపలే ఉంటుంది కదా, వాళ్ళకేం కాలేదే అని అత్తగారు అనవచ్చు. గడ్డి కప్పున్న ఇంట్లో చూరుకూ గోడకూ మధ్య గాలి పోయే దారి ఉంటుంది. మనం స్లాబు గదిలో అన్నీ బిగించి, వాళ్ళ నిప్పు ఒక్కటీ తెచ్చుకుంటాం. కిటికీ ఓరగా తీసి పెట్టుకోవచ్చా అని కూడా అడగకండి. కుంపటి వాకిట్లోనే ఉండాలి. సాయంత్రం దాని చుట్టూ కూర్చుని చేతులు కాచుకోండి, పాప బట్టలు ఆరబెట్టుకోండి, లోపలికి మాత్రం తేవద్దు. వెచ్చదనం కోసం గ్యాసు పొయ్యి వెలిగించి ఉంచడమూ అంతే. ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చాయంటే మాత్రల కోసం వెతకకుండా అందరూ ఆరుబయటికి వచ్చేసి 108కి ఫోను చేయండి. టేపు కింది సందులకు వేసుకోండి, పై వెంటిలేటరు జోలికి పోవద్దు.

చాలా భయపెట్టానా? నాలుగు గోడల మధ్య పసిబిడ్డ అనేసరికి నాకు ఇంకేమీ తోచడం లేదు. ఆ ఊరు నాకెంతో ఇష్టం. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య మంచు విడిపోతుంటే, స్వెట్టరు లేని పిల్లలు నీకన్నా ముందే బడికి వచ్చి ఉంటారు. వాళ్ళను ఎండ పడే వరసలో కూర్చోబెట్టు. మిగతాది నువ్వే నేర్చుకుంటావు.

నా పాత నేత చీరలతో రెండు బొంతలు కుట్టించాను, ఒకటి పాపకు. ఆదివారం నర్సీపట్నం వెళ్ళే మన వీధి కుర్రాడితో పంపుతాను, అల్లుడుగారిని బస్టాండుకు రమ్మను. ఇల్లు చూసుకున్నాక వెంటిలేటరు తెరిచే ఉందా లేదా ఫోటో పంపు. కుంపటి వాకిట్లో పెట్టించినందుకు మీ అత్తగారికి కోపం వస్తే, మా పెద్దమ్మ మొండిది, ఆవిడతో మీరే మాట్లాడుకోండి అని నా నంబరు ఇచ్చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ