ఊరి బిడ్డలకు తూకం వేస్తాను, నా బిడ్డ నా దగ్గరికి రావడం లేదు

ప్రశ్న: మాది కావలి. రెండేళ్ళలోపు పిల్లల తిండి, ఎదుగుదల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది నాలుగో ఏడు. వారానికి మూడు రోజులు ఉదయగిరి వైపు పల్లెలకు వెళ్ళి పిల్లల బరువు, పొడవు కొలవాలి, తల్లులతో మాట్లాడాలి. పొద్దున ఆరుకు బస్సెక్కితే ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. మా బాబుకు 14 నెలలు. అత్తమ్మ చూసుకుంటారు. వాడు 8.7 కిలోలే ఉన్నాడు. మొన్న ఆమె, ‘ఊళ్ళో బిడ్డలందరికీ తూకం వేస్తావు, మనోడు ముద్ద తిన్నాడో లేదో తెలుసా?’ అన్నారు. రాత్రి నేనెత్తుకున్నా నాయనమ్మ కోసం ఏడుస్తాడు. మావారికి రొయ్యల మేత వ్యాపారం. ‘ఇంత టెన్షన్ ఎందుకు, మానేయ్’ అంటారు. మానేయాలా?

జవాబు: అమ్మా, మీరు వెళ్ళే పల్లెల్లో బిడ్డను అవ్వకు అప్పగించి కూలికి పోయే తల్లులు మీకు రోజూ కనిపిస్తూనే ఉంటారు. వాళ్ళను ఏమడుగుతారు? పగలు తినిపించేదెవరు, ఎన్నిసార్లు, ఏం పెడుతున్నారు అని. పని మానుకోమని ఒక్కరికైనా చెప్పారా? మీ ఇంటి గడప దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్నలన్నీ పోయి, ‘నేను మంచి తల్లిని కానేమో’ అన్న దిగులొక్కటే మిగిలింది. ఆ ప్రశ్నలనే మీ ఇంట్లోనూ అడగండి.

ముందు బరువు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ప్రమాణాలు మీకు కొత్త కాదు. 14 నెలల మగబిడ్డకు మధ్యస్థం (సగం మంది బిడ్డలు దానికి పైన, సగం మంది కింద ఉండే బరువు) 10.1 కిలోలు, తక్కువ బరువు గీత 8.1. మీవాడు ఆ గీతకు పైనే ఉన్నాడు. ఏడాది దాటాక నెలకు రెండొందల గ్రాముల చొప్పున పెరగడం మామూలే, ఆకలి కూడా కాస్త తగ్గుతుంది. ఇంకెవరి బిడ్డయినా అయితే ఈ మాట ఆ తల్లికి మీరే చెప్పేవారు. అయితే ఒక్క రోజు తూకంతో తృప్తి పడొద్దు. ఎదుగుదల కార్డు మీద గత మూడు నెలల బరువు చుక్కలు కలిపి చూడండి. ఆ చుక్కలు కలిపిన గీత పైకి పోకుండా అడ్డంగా సాగుతుంటే ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి.

వాడు నాయనమ్మ కోసం ఏడవడం మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది. రోజంతా చంకనెత్తుకుని తిప్పిన మనిషి కోసం ఏడవడా? అమెరికాలో 1991లో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో వెయ్యి మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనించారు. పగలు వేరేవాళ్ళు చూసుకున్నంత మాత్రాన తల్లీబిడ్డల అనుబంధం దెబ్బతినదని అందులో తేలింది. దగ్గరున్నప్పుడు బిడ్డ ఏడుపుకు, నవ్వుకు తల్లి ఎలా స్పందిస్తుందన్నదే ముఖ్యమని కూడా తేలింది. రాత్రి ఏడు తర్వాత ఫోను, ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, స్నానం, పాలు, పడుకోబెట్టడం మీ చేతుల మీదుగా జరగనివ్వండి. మొదట్లో ఏడుస్తాడు. ఓర్చుకోండి.

ఇక అత్తమ్మ. ఆమె మాట మీకు ముల్లులా గుచ్చుకుంది, కాదనను. కానీ ఆ వయసులో పదమూడు గంటలు పాకే బిడ్డ వెనక పరుగెత్తడం ఎంత కష్టం! ‘నేను అలసిపోయాను’ అనలేక ఆ మాట అన్నారేమో అనిపిస్తోంది. ‘మీరున్నారు కాబట్టే నేను చదవగలుగుతున్నా అత్తమ్మా’ అని ఎప్పుడైనా అన్నారా? అనండి. బిస్కెట్లు, పాలతో కడుపు నింపకుండా పప్పన్నంలో నెయ్యి, గుడ్డు, ముళ్ళు తీసిన చేప పెట్టమని ఆ తర్వాతే చెప్పండి. బరువు చూసిన రోజు పక్కన కూర్చోబెట్టుకుని, కార్డు మీద చుక్క ఆమె చేతే పెట్టించండి.

మీవారి మీద నాకు కొంచెం కోపం వచ్చింది. మానేయమనడం తేలిక. మీరు పల్లెకు వెళ్ళే మూడు రోజులూ పొద్దున బిడ్డకు తినిపించి, స్నానం చేయించి అత్తమ్మకు అందించమని ఆయన్ని అడగండి. ‘సాయం చెయ్యండి’ అనొద్దు, అది ఆయన పనే కదా.

మానేసే ముందు మీ గైడుతో మాట్లాడండి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం మహిళా పరిశోధకులకు పీహెచ్‌డీ మొత్తంలో ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఇవ్వొచ్చు. పీహెచ్‌డీ గడువు ముగిశాక మరో రెండేళ్ళ వెసులుబాటు కూడా ఉంది. ప్రసవానికి ఎన్ని రోజులు వాడారో లెక్క చూసుకుని, మిగిలినవి అడగండి. మూడు రోజుల్ని కొన్నాళ్ళు రెండుకు తగ్గించుకునే వీలుందేమో చూడండి. ఇదంతా చేశాక కూడా ఈ పని మీద మనసు లేదనిపిస్తే అప్పుడు మానేయండి. అంతవరకు రాజీనామా మాట ఎత్తకండి.