జంగా-సంఘాలో ఎంత నడిచినా జంతువులు కనబడకపోతే

కారణం ఆ నడకే అండీ. రోజంతా తిరిగినా పేడ, అడుగుల గుర్తులు తప్ప ఏమీ కనబడలేదన్నారు. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోని ఆ అడవిలో చూపు కొన్ని మీటర్లు దాటదు. మీ అలికిడి, వాసన మాత్రం మీకంటే ముందే వెళ్లిపోతాయి.

1. మిగిలిన రోజులు జంగా బాయికి పెట్టుకోండి. అడవి మధ్యలో చెట్లు లేని బురద మైదానం అది. లవణాల కోసం అడవి ఏనుగులు అక్కడికి చేరి, గుంటల్లోకి తొండం దించి అడుగున ఉన్న నీళ్లు పీలుస్తుంటాయి.

2. మంచె ఎక్కి కూర్చోండి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఏనుగుల ఫొటోలు తీసుకుని తొందరగా దిగిపోతారు. బొంగోలు, సితతుంగాలు అనే జింకజాతి జంతువులు చాలాసార్లు పొద్దు వాలాకే వస్తాయి. గైడు ఉండనిచ్చినంతసేపూ ఉండండి, మాట్లాడకండి. బైనాక్యులర్స్‌ను ఏనుగుల మీద కాదు, చెట్ల అంచు వెంబడి మెల్లగా తిప్పండి. ఎర్రటి ఒంటి మీద సన్నటి తెల్ల చారలు కదిలాయా, అదే బొంగో!

3. దారిలో బయాకా ట్రాకర్, అంటే జాడలు పట్టే స్థానిక అడవి తెగ మనిషి, ఆగితే మీరూ ఆగండి. ఆయన ముక్కు పట్టుకుని డైకర్‌లా కూస్తే ఆ చిన్న జింకే దగ్గరికి రావచ్చు.

4. గొరిల్లాలకైతే అదే అడవిలోని బాయి హోకూ అనే చోటికి వెళ్లాలి. అది విడిగా బుక్ చేసుకోవాలి, మాస్క్ తప్పనిసరి.