మోడర్న్ కంట్రోల్స్ దొంగాటా?

ప్రశ్న: స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ వీడియో గేమ్ కొత్తగా మొదలుపెట్టాను. ఒక్క బటన్‌తోనే పెద్ద దెబ్బలు వేయించే మోడర్న్ కంట్రోల్స్‌తో గెలిస్తే దొంగాట అని స్నేహితులు ఏడిపిస్తున్నారు. దిశలు తిప్పి ఆడే పాత పద్ధతి, క్లాసిక్‌కి మారిపోనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దొంగాటేం కాదండీ. 2023లో ఆట విడుదలైనప్పటి నుంచీ ర్యాంక్డ్‌లో, అంటే ర్యాంకు కోసం ఆడే ఆన్‌లైన్ పోటీల్లో, మోడర్న్ ఉంది. ఆ సౌకర్యం ఉచితమూ కాదు. ఒక్క బటన్‌తో వేసే స్పెషల్ (పాత్ర ప్రత్యేక దెబ్బ), సూపర్ (అంతకంటే పెద్ద దెబ్బ)లకు డ్యామేజీ 20 శాతం కోత. క్లాసిక్‌లో దెబ్బల బటన్లు ఆరు. మోడర్న్‌లో బలాన్ని బట్టి మూడే. అందుకే కొన్ని మామూలు దెబ్బలు అసలు దొరకవు.

అసలు లాభమంతా ఎదుటివాడు మీదికి దూకినప్పుడే. క్లాసిక్‌లో ర్యూ అనే పాత్ర పైకెగిరి కొట్టే పంచ్, షోర్యూకెన్‌కి ముందుకి, కిందకి, ఆ రెంటి మధ్య మూలకి తిప్పి పంచ్ కొట్టాలి. కంగారులో మొదటి ‘ముందుకి’ తప్పిపోయి, చివర్లో వేలు ముందుకి జారిందా, దాని బదులు హడోకెన్ అనే శక్తి గోళం వెళ్తుంది. అది వాడి కాళ్ల కింద నుంచి పోతుంది, తన్ను మీకు పడుతుంది. మోడర్న్‌లో ముందుకి నొక్కి స్పెషల్ బటన్, అంతే.

చాలామందికి తెలియనిది: మోడర్న్‌లోనూ దిశలు తిప్పి స్పెషల్ వేస్తే డ్యామేజీ పూర్తిగా వస్తుంది. కాబట్టి దూకినవాణ్ణి షార్ట్‌కట్‌తో కొట్టండి. ముందే తెలిసిన కాంబోల్లో (వరసగా తగిలే దెబ్బల్లో) చేత్తో తిప్పండి.

ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీకి (సాధన కోసం ఉండే ప్రత్యర్థికి) రెండు రికార్డింగులు పెట్టండి: ఒకటి దూకడం, ఒకటి నడిచొచ్చి తన్నడం. వాటిని ర్యాండమ్‌గా ఆడించండి. దూకడం ఒక్కటే పెడితే చూడకుండానే నొక్కడం అలవాటవుతుంది. గురితప్పిన షోర్యూకెన్‌కి శిక్ష మోడర్న్‌లోనూ ఒకటే.