మంచి వార్త వెనుక ఎవరి పని ఉందో చూడండి

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం కంప్యూటర్స్ విద్యార్థినిని. బొమ్మలు వేయడం, అక్షరాలను డిజైన్ చేయడం కూడా నాకు ఇష్టం. ఫోన్ తెరిస్తే చాలు, ఉద్యోగాల కోతలు, డేటా చోరీలు, నిఘా, కృత్రిమ మేధ వల్ల కళాకారుల ఉపాధి పోతుందన్న వార్తలే కనిపిస్తున్నాయి. నాన్నగారు వేరే దారి చూసుకోమంటున్నారు. ఈ రంగంలో నిజంగా ఆశ కలిగించే వార్తలు ఉన్నాయా? ఉంటే ఎక్కడ వెతకాలి? అవి నా కెరీర్‌కు ఉపయోగపడతాయా?

జవాబు: మీరు చదువుతున్న చెడు వార్తలు అబద్ధాలు కావు కాబట్టి వాటిని చదవడం మానేయమని నేను చెప్పను. అయితే అవి మీ కంటబడే తీరు వేరు, మంచి వార్తలు తయారయ్యే తీరు వేరు. ఒక డేటా చోరీ రాత్రికి రాత్రే బయటపడి తెల్లవారేసరికి అందరి ఫోన్లలోకీ చేరుతుంది. పౌరుల డేటాను కాపాడేందుకు ఐరోపా సమాఖ్య తెచ్చిన జీడీపీఆర్ చట్టం మాత్రం 2012లో ప్రతిపాదనగా మొదలై, 2016లో ఆమోదం పొంది, 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఆరేళ్లలో చాలా రోజులు అది సంచలన వార్త కాలేదు. అయినా ఎందరో న్యాయవాదులు, ఇంజనీర్లు, ఉద్యమకారులు ఆ కాలమంతా దానిమీద పనిచేస్తూనే ఉన్నారు. మీకు నేను ఇచ్చే ముఖ్యమైన సలహా ఇదే: మంచి వార్తను మనసు కుదుటపరచుకోవడానికి మాత్రమే చదవకండి. అందులో ఎవరు ఏ పని చేశారు, వారికి జీతం ఎక్కడి నుంచి వచ్చింది, ఇంకా ఏ పని మిగిలి ఉంది అని అడుగుతూ చదవండి. అలా చదివితే ప్రతి మంచి వార్తలోనూ మీకు కొన్ని వృత్తులు కనిపిస్తాయి.

మాక్స్ ష్రెమ్స్ ఉదంతాన్ని ఈ దృష్టితో చూడండి. ఆయన 2011లో ఆస్ట్రియాకు చెందిన న్యాయశాస్త్ర విద్యార్థి. తన గురించి ఫేస్‌బుక్ దగ్గర ఏమేమి సమాచారం ఉందో ఇవ్వమని చట్టప్రకారం అడిగితే 1,200కు పైగా పేజీలు వచ్చాయి. తాను తొలగించాననుకున్న విషయాలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ కాగితాలను ఆధారం చేసుకుని ఆయన ఐర్లాండ్‌లోని డేటా రక్షణ అధికారులకు ఫిర్యాదులు చేశారు. ఐరోపా పౌరుల డేటాను అమెరికాకు తరలించడానికి ఆధారంగా ఉన్న ఒప్పందాన్ని ఐరోపా న్యాయస్థానం 2015 అక్టోబరులో కొట్టివేయడం వరకు ఆ పోరాటం వెళ్లింది. దాని స్థానంలో వచ్చిన మరో ఒప్పందం కూడా 2020 జులైలో చెల్లకుండా పోయింది. ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇంత దూరం వెళ్లడం ఆశ కలిగించే విషయమే, కానీ మీరు అక్కడితో ఆగవద్దు. ఇలాంటి కేసులు నిలబడాలంటే ఒక యాప్ నుంచి డేటా ఏ సర్వరుకు వెళుతోందో పట్టుకోగల ప్రోగ్రామర్ కావాలి, దాన్ని న్యాయమూర్తికి అర్థమయ్యే భాషలో వివరించగల మనిషి కావాలి. ఇక జీడీపీఆర్ వచ్చాక, పెద్ద ఎత్తున వ్యక్తిగత డేటాతో పనిచేసే అనేక సంస్థలు డేటా రక్షణ అధికారిని నియమించుకోవడం తప్పనిసరి అయింది. ఒక హక్కు చట్టంగా మారినప్పుడు, దాన్ని అమలు చేసే ఉద్యోగం కూడా దాని వెంటే పుడుతుంది.

మీకు అక్షరాలంటే ఇష్టమని రాశారు కాబట్టి మరో ఉదాహరణను కాస్త వివరంగా చెబుతాను. పశ్చిమ ఆఫ్రికాలో కోట్లమంది మాట్లాడే ఫులానీ భాషకు విస్తృతంగా వాడుకలో ఉన్న సొంత లిపి ఉండేది కాదు. అరబిక్ లిపిలోనో, లాటిన్ లిపిలోనో రాసుకునేవారు, ఆ భాషలోని కొన్ని ధ్వనులు వాటిలో సరిగా ఇమిడేవి కావు. 1989లో గినీ దేశంలో ఇబ్రహీమా, అబ్దుళాయి బారీ అనే అన్నదమ్ములు, ఒకరికి 14 ఏళ్లు, మరొకరికి 10 ఏళ్లు, కళ్లు మూసుకుని కాగితం మీద గీతలు గీస్తూ, వాటిలో నచ్చిన ఆకారాలను ఎంచుకుంటూ కొత్త లిపిని రూపొందించారు. దాన్ని ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు నేర్పారు, పుస్తకాలను చేత్తో రాసి పంచారు. ఆద్లం అని పేరు పొందిన ఆ లిపికి, ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్లలో సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో, 2016లో వెలువడిన 9.0 వెర్షన్‌లో చోటు దక్కింది.

యూనికోడ్‌లో చోటు దక్కడంతో పని పూర్తి కాలేదు. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అక్షరాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. పదం మొదట్లో, మధ్యలో, చివర్లో అక్షరం రూపం మారుతుంది కాబట్టి ఆ మార్పులన్నీ ఫాంటులో ఉండాలి, ఫోన్లోని సాఫ్ట్‌వేర్‌కు వాటిని సరిగ్గా చూపించడం తెలియాలి, రాసేవారి కోసం కీబోర్డు తయారు కావాలి. బొమ్మ గీయగల చేయి, ప్రోగ్రామ్ రాయగల బుర్ర, భాషను వినగల చెవి ఒకే చోట కలిస్తేనే ఇది సాధ్యం. మీలో ఈ మూడింటిలో రెండు ఇప్పటికే ఉన్నాయి. వాటిని విడివిడి అభిరుచులుగా కాక ఒకే వృత్తికి సన్నాహంగా చూడమని నేను గట్టిగా చెబుతున్నాను.

తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తూ చూపు లేనివారు కంప్యూటర్ వాడేందుకు తోడ్పడే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను 2006లో మొదలుపెట్టిన మైఖేల్ కరన్, తర్వాత దానిని ఆయనతో కలిసి పెంచిన జేమ్స్ టే, ఇద్దరూ చూపు లేనివారే. అలాంటివారికి అనువైన రూపంలో పుస్తకాలను తయారుచేసి దేశాల మధ్య పంచుకునేందుకు కాపీరైటు చట్టం అడ్డురాకుండా చూసే మర్రకేష్ ఒప్పందం 2013లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చింది. ఐరోపాలో 2025 జూన్ 28 నుంచి బ్యాంకింగ్, ఆన్‌లైన్ అమ్మకాలు, ఈ-పుస్తకాల వంటి సేవలు వికలాంగులకు అందుబాటులో ఉండటం చట్టపరమైన బాధ్యత అయింది. వెబ్‌సైట్లను ఈ దృష్టితో పరీక్షించి, సరిదిద్దడం తెలిసినవారి అవసరం దీనివల్ల పెరుగుతుంది. కాలేజీల్లో దీన్ని శ్రద్ధగా నేర్పేవారు తక్కువ కాబట్టి ముందుగా నేర్చుకున్నవారికి ఇది మేలు చేస్తుంది.

కృత్రిమ మేధ గురించి మీ భయం న్యాయమైనదే. అయితే కళాకారులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2023లో అమెరికా సినిమా, టీవీ రచయితలు 148 రోజులు సమ్మె చేసి సాధించుకున్న ఒప్పందం ప్రకారం, కృత్రిమ మేధను వాడమని రచయితను నిర్మాణ సంస్థ బలవంతపెట్టకూడదు, సంస్థ రచయితకు ఇచ్చిన సమాచారంలో కృత్రిమ మేధ తయారుచేసినది ఉంటే ఆ సంగతి చెప్పాలి. మరోవైపు, కళాకారుల పనిముట్లు కూడా తేలికగా అందుతున్నాయి. త్రీడీ యానిమేషన్‌కు వాడే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌ను 2002లో దాని వాడుకరులు లక్ష యూరోలు పోగుచేసి ఓపెన్ సోర్స్ చేయించారు, అంటే దాని కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, వాడుకునేలా తెరిపించారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా చిత్రం ఆ బ్లెండర్‌లోనే తయారైంది.

వార్తలు ఎక్కడ వెతకాలో అడిగారు. కంపెనీ వేదిక మీద చేసిన ప్రకటనను వార్తగా లెక్కపెట్టకండి, అది వాగ్దానం మాత్రమే. జరిగిన పని బయటివారి చేతికి వచ్చిందా, వారు దాన్ని పరీక్షించగలరా అన్నదే గీటురాయి. ప్రొటీన్ల ఆకృతిని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్‌ను నేను నమ్మదగిన మంచి వార్త అనడానికి కారణం 2024లో దానికి నోబెల్ రావడం కాదు. 2021లోనే దాని డేటాబేస్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా తెరిచారు, మరుసటి ఏడాదికి అందులో 20 కోట్లకు పైగా ఆకృతులు చేరాయి, శాస్త్రవేత్తలు వాటిని తమ ప్రయోగాలతో సరిపోల్చి చూసుకోగలిగారు. అందుకని కోర్టు తీర్పుల సారాంశాలు, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లతో పాటు వచ్చే వివరణలు, యూనికోడ్ ఏటా వెలువరించే మార్పులు, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వంటి డిజిటల్ హక్కుల సంస్థల వార్షిక నివేదికలు చదవండి. మొదట విసుగనిపిస్తుంది, కానీ కొన్ని నెలలు చదివితే పత్రికల శీర్షికలకు, జరిగిన పనికి మధ్య ఎంత దూరం ఉందో మీకే తెలుస్తుంది.

మీ నాన్నగారి ఆందోళనను తోసిపుచ్చవద్దు, అందులో ఒక నిజం ఉంది. లోకానికి మేలు చేసే పనికి ఎల్లప్పుడూ జీతం దొరకదు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడే, ఇంటర్నెట్‌లో ఎక్కువ భాగానికి భద్రత కల్పిస్తున్న ఓపెన్ఎస్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌ను కొద్దిమంది, అరకొర నిధులతో నెట్టుకొస్తున్నారని చాలామందికి తెలిసింది. పెద్ద కంపెనీలు నిధులు ఇవ్వడం ఆ తర్వాతే మొదలైంది. కాబట్టి డేటా రక్షణ, యాక్సెసిబిలిటీ (వికలాంగులకు అందుబాటు కల్పించడం), సాఫ్ట్‌వేర్ భద్రత వంటి జీతం ఉన్న నైపుణ్యాల్లో ఒకదాన్ని జీవనాధారంగా పెట్టుకోండి. అక్షరాల డిజైన్‌ను వదలకుండా దాని పక్కనే నడిపించండి. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అలాగే ఔట్‌రీచీ అనే కార్యక్రమాలు ఓపెన్ సోర్స్‌లో పనిచేసే కొత్తవారికి స్టైపెండ్ ఇస్తాయి, మూడో సంవత్సరానికి వాటిని లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

ఈ నెలలోనే మొదలుపెట్టగలిగినది ఒకటి ఉంది. ఎన్‌వీడీఏను మీ కంప్యూటర్లో వేసుకుని, స్క్రీన్ ఆపేసి, మౌస్ ముట్టకుండా, మీరు తరచూ వాడే ఒక వెబ్‌సైటులో ఏదైనా దరఖాస్తు ఫారం నింపడానికి ప్రయత్నించండి. ఎక్కడ బటన్ పేరు చదవకుండా వదిలేసిందో, ఎక్కడ మీరు దారి తప్పారో రాసుకుని, కారణం కోడ్‌లో ఎక్కడుందో వెతికి, సవరణతో సహా రెండు పేజీల నివేదిక తయారుచేయండి. దాన్ని ఆ వెబ్‌సైటు నిర్వాహకులకు పంపండి, మీ పోర్ట్‌ఫోలియోలోనూ మొదటి పేజీగా పెట్టండి. ఆ నివేదికను నాన్నగారికి చూపించి, ఇలాంటి పని చేసేవారి కోసం వెలువడిన ఉద్యోగ ప్రకటనలు నాలుగైదు ఆయనతో కలిసి కూర్చుని చదవండి. ఆ ప్రకటనల్లో అడిగినవాటిలో మీకు రానిది ఏదో అప్పుడు తేలుతుంది, వచ్చే సెమిస్టరులో ఏం నేర్చుకోవాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు.