తృప్తి కలిగినంత మాత్రాన ప్రేమ స్వార్థమవుతుందా?

నమస్కారం. మంచం పట్టిన అత్తగారికి సేవ చేస్తుంటే మనసుకు తృప్తిగా ఉంటోందని, అందువల్ల మీ ప్రేమ కూడా స్వార్థమేనేమోనని మీరు బాధపడుతున్నారు. తృప్తి దానంతట అది రావడం వేరు, దాని కోసమే పని చేయడం వేరు. 1981లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బాట్సన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, కరెంటు షాకులతో బాధపడుతున్నట్లు కనిపించిన యువతిని వదిలి సులువుగా వెళ్లిపోయే వీలున్నా, ఆమెపై సానుభూతి కలిగినవారిలో ఎక్కువమంది ఆ షాకులు తాము భరిస్తామన్నారు. తమ కలత తప్పించుకోవడమే లక్ష్యమైతే వారు వెళ్లిపోయేవారే. (ఈ వాదం ఇంకా తెగలేదన్నది కూడా నిజమే.) మలక్‌పేటలో మా అమ్మ, తనను గుర్తుపట్టలేని తాతయ్యకు బత్తాయి తొనల పైపొర, గింజలు తీసి ఒక్కొక్కటే నోటికి అందించేది, ఆయన ఉమ్మేసిన మర్నాడూ మళ్లీ ఒలిచేది. అర్ధరాత్రి దుప్పటి మార్చేటప్పుడు మీరు మొదట ఎవరి సుఖం గురించి ఆలోచిస్తారో గుర్తు చేసుకోండి.