గడపకి అడ్డంగా పడుకున్న రాట్‌వైలర్

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. యజమానులు ఊరు మారుతూ వదిలేసిన అయిదేళ్ల మగ రాట్‌వైలర్‌ని విజయవాడలో కుక్కల్ని కాపాడే కుర్రాళ్ల దగ్గర నుంచి తెచ్చుకుని పన్నెండు రోజులైంది. ‘సిట్’ అంటే నా మొహం చూసి, తీరిగ్గా ఆలోచించి, బుద్ధి పుడితే కూర్చుంటాడు. వంటింటి గడపకి అడ్డంగా పడుకుని లేవడు. బెల్టు పట్టుకుని లాగితే గుర్రుమంటాడు. రెండు తగిలిస్తే దారికొస్తాడని మావారు అంటున్నారు. అత్తయ్యగారు పంపేయమంటున్నారు, కానీ ఆవిడ పెరుగన్నం పెడితేనే తింటాడు. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది, అదే నా టెన్షన్. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి చర్మం మందంగా అయింది. లేచేటప్పుడు వెనక కాళ్లు కూడదీసుకుని మెల్లగా లేస్తాడు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన రెండు ముక్కలూ మొదట రాయాల్సినవి. మెడ అలా కాయ కాసిందంటే ఏళ్ల తరబడి చైనుకి కట్టేసి ఉంచారని నా అనుమానం. అక్కడ చెయ్యి పడితే వాడికి పాత రోజులు గుర్తొస్తాయి. ఇక వెనక కాళ్ల సంగతి. ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ. మొండితనం అని మీరనుకుంటున్నదాంట్లో సగం నొప్పే కావచ్చు. ఈ వారంలోనే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, మీకు దగ్గర్లోని డాక్టరు దగ్గరికో తీసుకెళ్లి కాళ్లు, మెడ, చెవులు చూపించండి.

మిగతా సగం మొండితనమే, కాదనను. జర్మనీలోని రాట్‌వైల్ ఊళ్లో కసాయివాళ్లు పశువుల మందల్ని సంతకి తోలించడానికి వాడిన జాతి ఇది. ఎద్దు ఎదురు తిరిగితే యజమాని కేకేసేదాకా ఆగే కుక్క అక్కడ పనికిరాదు. సొంతంగా నిర్ణయం తీసుకునేదే కావాలి. మీవాడు మీ మొహం చూసి ఆలోచించేది అందుకే. మా నాన్న దగ్గర ఒంగోలు గిత్త ఒకటి ఉండేది. ముక్కుతాడు లాగితే నాలుగు కాళ్లూ భూమిలో పాతేసేది. ఎదురుగా వెళ్లి గుప్పెడు తవుడు చూపిస్తే పిల్లిలా వెంట వచ్చేది.

మీరూ అదే చేయండి. గడప మీద పడుకుంటే లాగొద్దు. నాలుగడుగుల దూరంలో నిలబడి ఉడికించిన చికెన్ ముక్క చూపించి ‘రా’ అనండి. వచ్చాక పెట్టండి. వారంలో చికెన్ లేకపోయినా లేస్తాడు. మెడబెల్టు తీసేసి ఛాతీకి తొడిగే బెల్టు కొనండి. ఇంకో మాట, పాత ఇంట్లో వాడితో ఏ భాషలో మాట్లాడేవారో కనుక్కోండి. పిల్లల్ని తెలుగులో తిట్టి కుక్కల్ని ఇంగ్లీషులో పిలిచే జాతి మనది, కానీ ఆ ఇంట్లో వేరే భాషైతే మీ ‘సిట్’ వాడికి కొత్త మాటేమో.

మీవారికి చెప్పండి, కర్ర మాత్రం ఎత్తొద్దు. గుర్రుమనడం బెదిరింపు కాదు, ‘ఆగు’ అని చెప్పడం. కొట్టి ఆ గుర్రు మాన్పిస్తే, రేపు చెప్పకుండానే కరుస్తాడు. 2003లో తెనాలి వైపు ఒక రైసు మిల్లులో కాపలా కుక్క గుర్రుమంటున్నా వినకుండా బెల్టు పట్టి లాగాను. కుడి మణికట్టు మీద ఆ నాలుగు పళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. తప్పు కుక్కది కాదు, డాక్టర్నన్న నా పొగరుది.

పాప విషయంలో మొహమాటం వద్దు. ఎంత మంచివాడని తేలినా, పెద్దవాళ్లు పక్కన లేకుండా ఇద్దర్నీ ఒక గదిలో ఉంచొద్దు. వాడు తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ పాప దగ్గరికి వెళ్లకూడదు. వాటేసుకోవడం అసలు వద్దు, ఇష్టమైతే వాడే వచ్చి ఆనుకుంటాడు. అయిదేళ్ల కుక్క కొత్త ఇంట్లో కుదురుకోవడానికి మూడు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందాకా చుట్టాల్ని పిలిచి చూపించకండి.

ఈ జాతిని బ్యాన్ చేశారట కదా అని పక్కింటివాళ్లు అడుగుతారు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద రాష్ట్రాలకి సర్క్యులర్ పంపిన మాట నిజం, అందులో రాట్‌వైలర్ ఉంది. ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. రేబీస్ టీకా కాగితం మాత్రం చేతిలో పెట్టుకోండి.

ఎండాకాలం వాకింగ్ తెల్లవారుజామున అయిదింటికే. సాయంత్రం తీసుకెళ్లాలంటే ముందు అరచెయ్యి తిప్పి వెనకవైపు రోడ్డు మీద ఆనించి చూడండి. అయిదు సెకన్లు మీరు ఓర్చుకోలేకపోతే వాడూ ఓర్చుకోలేడు.

అత్తగారి పెరుగన్నం మానిపించొద్దు, ఇంట్లో వాడికి మొదట నమ్మకం కుదిరింది ఆవిడ మీదే. కాకపోతే ఉప్పు వేయొద్దనండి, ఉల్లిపాయ తగలనివ్వొద్దు. పక్కన ఓ గుడ్డో చికెనో కూడా ఉండాలి. పంపేయమన్న మనిషే రోజూ గిన్నె కడిగి పెడుతున్నారంటే, ఆవిడ గురించి మీరు దిగులు పడక్కర్లేదు.